మా యింటి పెద్ద తెర

పూర్వము మా పెద్దలు ఎద్దుల జత కొనవలెనన్నచో నాలుగు సంతలు తిరిగెడివారు. పండ్లు చూచి వయస్సు లెక్కించెడివారు; గిట్టలు తట్టి చూచెడివారు; కాడికి కట్టి రెండు చాళ్లు దున్నించిన పిదపనే బేరమునకు దిగెడివారు. ఆ జత యింటికి వచ్చిన తరువాత పది సంవత్సరములు ఆ యింటి బ్రదుకు వాని మెడలమీదనే నడచెడిది. నేడు మన యిండ్లకు వచ్చు వస్తువులలో పది సంవత్సరములు నిలిచి, ప్రతిదినము ఇంటిల్లిపాదిని తన ముందు కూర్చుండబెట్టుకొనునది టెలివిజను. దానిని మాత్రము మనము ఒక సాయంకాలమున, అంగడిలోని తళుకు చూచి, పావుగంటలో కొని తెచ్చుకొనుచున్నాము. మేమును అట్లే చేయబోయి ఆగితిమి. ఆగుటవలన మాకు తెలియవచ్చిన నాలుగు మాటలు ఈ పత్రిక చదువు బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునేమో యని ఇచ్చట వ్రాయుచున్నాము.

మేము సింధనూరు తాలూకాలో తుంగభద్ర ఎడమకాలువ క్రిందనున్న ఒక క్యాంపువారము. 1953లో ఆనకట్ట పూర్తియై, క్రమముగా కాలువలకు నీరు పారిన పిదప, కోస్తా జిల్లాలనుండి వచ్చి ఇచ్చట నేల కొని వరి పండించుచున్న కుటుంబములలో మాదియు నొకటి. మా యింట చాలకాలము 32 అంగుళముల టెలివిజను ఒకటి యుండెను. 2024 వేసవిలో ఉరుములు మెరుపులు గల ఒక రాత్రి అది యొక్కసారి మెరసి, చీకటియై, మరల వెలుగలేదు. బాగుచేయువాడు చూచి, దానికి పెట్టు ఖర్చు క్రొత్తదానికి పెట్టుట మేలనెను. సరే, ఖరీఫు నాట్లు ముగియగానే కొందమనుకొంటిమి. ఇంతలో ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయెను. వారము దినములలో దాని స్థానమున తాత్కాలికమైన అడ్డుపలకలు దింపి నీటిని నిలిపిరి. పిమ్మట వర్షములు కురిసి జలాశయము నిండెను. కాని ఆ వారము దినములు మా ఆయకట్టులో అన్నము సయించినవారు లేరు. కాలువ నీటిమీద బ్రదుకువారికి అట్టి సమయమున టెలివిజను మాట ఎట్లు తోచును? ఆ యేడు ఆ యూహ మానుకొంటిమి.

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి, 32 అంగుళములకు మించిన టెలివిజన్లమీద జి.ఎస్.టి. నూటికి 28నుండి 18కి తగ్గినది. పన్నుగాక 40,000 రూపాయల వెలగల వస్తువునకు వెనుక 11,200 రూపాయల పన్ను పడెడిది. ఇప్పుడు 7,200 పడును. అనగా 4,000 రూపాయల ఆదా. గడచిన పంటలో కొంత సొమ్ము మిగిలియుండెను. దీపావళి దగ్గరపడుచుండెను. మా కుమారుడు ఈ లెక్కను కాగితముమీద వేసి మా ముందర పెట్టెను. వానికి పదునాలుగేండ్లు, తొమ్మిదవ తరగతి. గణితములో వానికి వచ్చు మార్కులు మేమెరిగినవే; కాని ఆ దినమున వాడు వేసిన లెక్కలో ఒక్క తప్పును లేదు.

అరువదివేల రూపాయలు దాటరాదని మా నిర్ణయము. ఇక ఎవరికేమి కావలెనో విచారించితిమి. అబ్బాయికి ఆటలు కావలెను. బెంగుళూరులో ఉద్యోగము చేయు మా మేనల్లుడు తాను వాడి విడిచిన ప్లేస్టేషన్ 4ను వానికిచ్చియుండెను. అది యేడాదిన్నరగా టెలివిజను లేక పెట్టెలోనే పండుకొనియుండెను. నా భార్యకును మాకును రాత్రి భోజనములైన తరువాత సినిమా చూచుట యిష్టము. మా తల్లిగారిని అడుగగా ఆమె, "నాకేం కావాలిరా, మీరేది తెచ్చినా చూస్తాను" అనిరి. ఇంట పెద్దవారు ఎప్పుడును అనుమాట యదే గనుక మేము దానిని సమాధానముగానే తీసికొంటిమి. అది సమాధానము కాదని తరువాత తెలిసినది.

రాయచూరు వెళ్లి ఒక పెద్ద అంగడిలో చూచితిమి. గోడనిండ తెరలు, అన్నిటియందును ఒకే దృశ్యము: నీలి సముద్రము, ఎఱ్ఱని పూవులు, రంగురంగుల పక్షులు. 65 అంగుళముల తెరముందర అబ్బాయి కదలక నిలిచెను. మేమును నిలిచితిమి. దానిప్రక్కనున్న 55 అంగుళముల తెర చిన్నబోయినట్లు కనబడెను. కొనవచ్చినది మరచి, అంగడివాడు ధర చెప్పినప్పుడు గాని మేలుకొనలేదు. మా హద్దుకు అది చాల పైన నుండెను. వాయిదాలమీద ఇచ్చెదమని అంగడివాడు చెప్పెను. "నాన్నా, నెలకి కొంచెమే కదా" అని అబ్బాయి మెల్లగా అనెను. మేము సంతకమునకు కలము తీసికొనునంతలో నా భార్య, "గోడ కొలత తీసుకోకుండా వచ్చాం. ఇంటికి పోయి కొలుచుకుని వద్దాం" అనెను. అంతటితో ఆ దినము గడచెను. ఎద్దులను కాడికి కట్టి చూచుట యనగా నిదియేనని మాకు తరువాత తోచినది.

అంగడిలోని తెర మన యింటి తెర కాదు. అచ్చటి దీపముల వెలుగులో కంటికి ఆనవలెనని రంగులను, కాంతిని మితిమీరి పెంచి యుంచుదురు. దానినే "వివిడ్" అనియో, "షాపు మోడు" అనియో అందురు. ఇంటియందు రాత్రివేళ అట్టి కాంతిలో సినిమా చూచినచో ముఖములు పసుపు పూసినట్లుండును, కన్ను అలసిపోవును. రిమోటుతో "సినిమా" అను అమరిక పెట్టించి చూపుమని అడిగినచో తెర నిజస్వరూపము కొంత తెలియును. మేము రెండవమారు వెళ్లినప్పుడు అట్లే అడిగితిమి. మొదట మెరసిన తెరలలో రెండు ఆ పరీక్షలో వెలవెలబోయినవి.

ఇక కొలతలు. అంగుళములనగా తెర వెడల్పు కాదు. ఒక మూలనుండి ఎదుటి మూలకు గల కర్ణము. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. ఇక్కడ మా యబ్బాయికి పైథాగరస్ సిద్ధాంతము పనికివచ్చినది. 16 వర్గము 256, 9 వర్గము 81, మొత్తము 337. దాని వర్గమూలము సుమారు 18.36. 55ను 18.36చే భాగించి, 16చే గుణించగా వెడల్పు 48 అంగుళములు. 9చే గుణించగా ఎత్తు 27 అంగుళములు. అట్లే 65కు వెడల్పు ఇంచుమించు 57, ఎత్తు 32 అంగుళములు. పాత వార్తాపత్రికలను అతికించి, ఈ కొలతలకు కత్తిరించి, గోడకు రెండింటిని ఒకదానిమీద నొకటి అంటించితిమి. అంగుళములలో తేడా పదియే యైనను వైశాల్యములో తేడా నూటికి నలువది వంతులు. గోడమీది కాగితము చూచినప్పుడు గాని ఈ మాట మా మనస్సున కెక్కలేదు.

తరువాత కూర్చుండు చోటినుండి గోడకు దూరము కొలిచితిమి: ఎనిమిది అడుగులు, అనగా 96 అంగుళములు. తెర మన కంటివద్ద 30 డిగ్రీల కోణము చేయునట్లు కూర్చున్నచో సినిమా హాయిగా నుండునని ఒక ప్రమాణము కలదు. ఆ ప్రకారము దూరము తెర కర్ణమునకు 1.6 రెట్లుండవలెను. 96ను 1.6చే భాగించగా 60. కావున 55 సరిపోవును, 65 కొంచెము ఎక్కువ యని మేము తీర్పు చెప్పితిమి. తీర్పు చెప్పి సంతోషించుచుండగా అబ్బాయి మరియొక ప్రమాణము బయటికి తీసెను. సినిమాహాలు అనుభవము కోరువారు 40 డిగ్రీల కోణము తీసికొందురు. అప్పుడు దూరము 1.2 రెట్లు చాలును. 96ను 1.2చే భాగించగా 80! "నాన్నా, ఈ లెక్కన 65 చిన్నదే" అని వాడు నవ్వెను. లెక్క తప్పనుటకు మాకు నోరు రాలేదు. ఏలయనగా ఇప్పటి 4కె తెరలో 3,840 నిలువు వరుసలు, 2,160 అడ్డు వరుసలు, మొత్తము 82,94,400 బిందువులు ఉండును. వెనుకటి ఫుల్ హెచ్.డి. తెరలోని 20,73,600 బిందువులకు ఇవి సరిగా నాలుగు రెట్లు. కావున దగ్గరగా కూర్చున్నను బొమ్మ చెదరదు. చూచు దూరము మా తగవు తీర్చలేకపోయినది.

అప్పుడు ఆటల సంగతి తీసికొంటిమి. ఆటలాడువారికి తెర పరిమాణముకంటె ముఖ్యమైనది ఆలస్యము. మీట నొక్కిన క్షణమునకును, తెరమీద బొమ్మ కదలిన క్షణమునకును నడుమ కొన్ని మిల్లీసెకండ్లు గడచును. టెలివిజను బొమ్మకు మెరుగులు దిద్దుటకు తీసికొను కాలమే యిది. సినిమాకు దానివలన నష్టము లేదు. పరుగెత్తు ఆటలో మాత్రము గెలుపోటములు దానిమీద నుండును. "గేమ్ మోడు" అను అమరిక ఆ మెరుగులను మానిపించి ఆలస్యమును తగ్గించును. అది గల తెరనే కొనవలెను. రెండవది, తెర సెకనుకు ఎన్నిమారులు బొమ్మను మార్చగలదను లెక్క. సాధారణమైనవి 60 మారులు, ఖరీదైనవి 120 మారులు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 వంటి యంత్రములు 120 పంపగలవు, 4కె బొమ్మను అట్లు పంపుటకు హెచ్.డి.ఎమ్.ఐ. 2.1 అను ద్వారము కావలెను. మా యబ్బాయి కోరినది అట్టి తెరయే. "మన పెట్టెలో ఉన్నది ఎంత పంపుతుంది?" అని వాని తల్లి అడిగెను. వాడు కొంతసేపు తల వంచుకొని, "అరవై" అనెను. అబద్ధమాడవచ్చును, మాకు తెలిసెడిది కాదు. ఆ యొక్క మాట మాకు కొన్నివేల రూపాయలు మిగిల్చినది. వాని నిజాయితీవలన వాడే నష్టపోయినట్లు వానికి తోచియుండును గాని, మా దృష్టిలో ఆ దినమున వాడు రెండంగుళములు పెరిగెను.

సినిమాకును ఈ లెక్కకును ఒక సంబంధము కలదు. సినిమా ఫిలిము సెకనుకు 24 బొమ్మలుగా నడచును. 120ను 24చే భాగించగా సరిగా 5 వచ్చును. 60ను భాగించగా రెండున్నర వచ్చును. కావున 60 గల తెర ఒక బొమ్మను రెండుమారులు, తరువాతిదానిని మూడుమారులు చూపి సరిపెట్టును. కెమెరా మెల్లగా ప్రక్కకు తిరుగు దృశ్యములలో కొంచెము తడబాటు కనబడవచ్చును. మేము పరీక్షగా చూచితిమి. మాకు పట్టింపు లేదని తేలినది. ఈ తడబాటు పోగొట్టుటకు నడుమ లేని బొమ్మలను కల్పించి చేర్చు అమరికయు టెలివిజన్లలో నుండును. దానివలన సినిమా నున్ననై, ధారావాహికవలె కనబడును. సినిమా చూచువారు దానిని తీసివేయుట మంచిది.

పాత చిత్రములు చూచువారు మరియొకటి గమనింపవలెను. 1957నాటి "మాయాబజార్" వంటి చిత్రముల తెర ఇంచుమించు 4:3 నిష్పత్తిలో నుండెడిది. అట్టి బొమ్మ 55 అంగుళముల తెరమీద 27 అంగుళముల ఎత్తు, 36 అంగుళముల వెడల్పుతో నిలిచి, రెండు ప్రక్కల నల్లని ఖాళీ విడుచును. 1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు" తెలుగున మొదటి సినిమాస్కోపు చిత్రము. అట్టివానికి క్రింద, మీద ఖాళీ వచ్చును. ఇది యంత్రదోషము కాదు; బొమ్మను తీసినవారు తీసినట్లు చూపుట. తెర నిండుటకై సాగదీసినచో ఘటోత్కచునికి పొట్ట, శశిరేఖకు బుగ్గలు పెరుగును.

తెరల జాతిభేదములును కొన్ని తెలిసికొంటిమి. ఓలెడ్ అను జాతిలో ప్రతి బిందువును తనంత వెలిగి, తనంత ఆరిపోవును. చీకటి నిజమైన చీకటిగా నుండును. వెల మాత్రము ఎక్కువ. కదలని గుర్తులు, అనగా వార్తల క్రింది పట్టీ, ఆటలోని అంకెలు, గంటల తరబడి ఒకేచోట నున్నచో వాని మచ్చ నిలిచిపోవు అపాయము కొంత కలదు. ఎల్.సి.డి. జాతికి వెనుకనుండి వెలుగు కావలెను. అందులో వి.ఏ. అను రకము నలుపును బాగుగా చూపును గాని ప్రక్కనుండి చూచినచో రంగు వెలిసినట్లుండును. ఐ.పి.ఎస్. అను రకములో నలుపు కొంచెము బూడిదవన్నె. కాని ప్రక్కనుండి చూచినను రంగు మారదు. మా తల్లిగారి మంచము గోడవారగా ప్రక్కనున్నది. ఆమె కూర్చుండి చూచుట తక్కువ, ఒరిగి చూచుట ఎక్కువ. కావున మూడవ రకమును ఎంచుకొంటిమి. పడమటి కిటికీ వెలుగు తెరమీద పడకుండ ఒక ముదురు పరదా కుట్టించితిమి. రాయచూరు ఎండకు ఎంతటి తెరయైనను దడియును.

ఇంతవరకు అన్నియు కుదిరినవి. పరిమాణము మాత్రము తేలలేదు. 120 మానుకొన్నందున మిగులు సొమ్ముతో 65 కొనవచ్చునని అబ్బాయి మరల ఆశపడెను. మాకును లోలోపల ఆశ లేకపోలేదు. రెండవమారు అంగడికి వెళ్లునప్పుడు మా తల్లిగారినికూడ తీసికొనిపోయితిమి. అచ్చట 65 అంగుళముల తెరమీద ఒక తెలుగు చిత్రము పెట్టించి, "అమ్మా, ఎట్లా ఉంది?" అని అడిగితిమి. ఆమె చూచి, "బాగుంది" అనిరి. ఒక నిమిషమైన తరువాత, "ఏమంటున్నాడు వాడు?" అని అడిగిరి. ధ్వని పెంచితిమి. "అరుస్తున్నట్టుంది గానీ మాట తెలియటం లేదురా" అనిరి.

అప్పుడు ఆమె మాకు మునుపెన్నడు చెప్పని సంగతి యొకటి చెప్పిరి. 1975లో, పదునెనిమిదవ యేట, ఆమె కృష్ణా జిల్లానుండి కోడలై ఈ ప్రాంతమునకు వచ్చిరి. ఆ సంవత్సరమే ఆగస్టు 1వ తేదీన, దేశములో ఒక గొప్ప ప్రయోగము మొదలయ్యెను. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహముద్వారా, ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు నేరుగా టెలివిజను కార్యక్రమములు పంపిరి. మన ఇస్రోవారు దానిని నడపిరి. "సైట్" అని దాని సంక్షిప్తనామము. కర్ణాటకమున అందులకు ఎంచిన జిల్లాలు మూడు: బిజాపురము, గుల్బర్గా, మన రాయచూరు. ఆంధ్రప్రదేశమున ఎంచినవానిలో మనకు సరిహద్దునగల కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలు ఉండెను. ఊరిలో ఒక్కచోట పెట్టె. దానికి మూడు మీటర్ల వెడల్పుగల ఇనుపవల గొడుగు. ఊరంతయు నేలమీద కూర్చుండి చూచుట. బెంగుళూరు నగరములో దూరదర్శన కేంద్రము 1981లో వెలసినది. అనగా రాజధానిలో కేంద్రము వెలయుటకు ఆరేండ్ల ముందే మన జిల్లా పల్లెలవారు టెలివిజను చూచిరి. 1976 జులై 31తో ఆ ప్రయోగము ముగిసి, ఉపగ్రహము మరలిపోయెను.

మా తల్లిగారు అట్టి యొక యూరిలో, మా నాయనగారితో బండిమీద వెళ్లి, రెండుమారులు చూచిరట. "బొమ్మ కనపడింది. ఆవులు, పొలాలు, డాక్టరమ్మ. మాట మాత్రం కన్నడం. అప్పటికి నాకు ఒక్క ముక్క రాదు. పక్కనున్నామె నవ్వితే నేనూ నవ్వాను. ఇప్పుడు కన్నడం వచ్చు, తెలుగు తెలుసు, చెవి రాదు. మళ్లీ పక్కవాళ్లు నవ్వితే నవ్వాలన్నమాట" అని ఆమె నవ్వుచునే అనిరి.

మేము నవ్వలేకపోయితిమి. ఆ ఉపగ్రహమునకు ఒకే బొమ్మతో రెండు ధ్వనులను పంపగల శక్తి యుండెడిదని మేము ఎచ్చటనో చదివియుంటిమి. నది కావల తెలుగు, ఈవల కన్నడము. నది దాటి వచ్చిన కోడలికి బొమ్మయే మిగిలినది. ఇది ఎవరి తప్పును కాదు. రాష్ట్రమునకు దాని భాషలో పాఠము చెప్పుట న్యాయమే. అయినను యాబది సంవత్సరములు గడచి, ప్రతి బొమ్మతోను కోరిన భాష వినగల యంత్రములు వచ్చిన దినములలో, మా యింటనే ఆమెకు మరల బొమ్మ మాత్రమే మిగులబోయెను. బొమ్మ ఎంత పెద్దదైన నేమి?

నిజమునకు ఈ లోపము మా తల్లిగారి చెవిది మాత్రమే కాదు. నేటి తెరలు పలకవలె పలుచనైనవి. అంత పలుచని వస్తువులో మంచి స్పీకరునకు చోటు లేదు. ఉన్న చిన్న స్పీకర్లు క్రిందికో వెనుకకో తిరిగియుండును. ధ్వని గోడకు తగిలి మన కడకు వచ్చును. వాద్యముల మ్రోత, బాంబుల మ్రోత వచ్చును గాని మాటలోని హల్లులు అణగిపోవును. వయస్సు మళ్లినవారికి మొదట వినబడక పోవునవి ఆ హల్లులే. ధ్వని పెంచినచో మ్రోతయే పెరుగును. అందులకు విరుగుడు తెరక్రింద నుంచు సౌండుబారు. అందును మాటకై నడుమ ప్రత్యేకముగా ఒక స్పీకరు గలది. అంగడివానిని అడిగి అట్టిదానిని తగిలించి, అదే దృశ్యము మరల పెట్టించితిమి. మా తల్లిగారు కన్నులు మూసికొని వినిరి. "ఇప్పుడు చెప్పేది తెలుస్తోంది. ధ్వని కొంచెం తగ్గించు" అనిరి. తగ్గించుమని ఆమె అనుట మేము విని ఎన్నేండ్లయ్యెనో!

అబ్బాయి మావైపు చూచెను. 65తోబాటు సౌండుబారు కొనుటకు సొమ్ము చాలదు. 55తో చాలును. మేమేమియు అనలేదు. వాడు కొంచెముసేపు ఆ పెద్ద తెర అంచును వ్రేలితో నిమిరి, "యాభై ఐదే తీసుకుందాం నాన్నా. నాయనమ్మకి వినపడాలి కదా" అనెను. వాని కంటిలో తడి లేకపోలేదు. త్యాగమను మాట పెద్దది. పదునాలుగేండ్లవాని కోరికయు వానికి అంతే పెద్దది. అది మేము తక్కువచేసి చెప్పము.

తెర ఇంటికి వచ్చిన పిదప చేసిన పనులు రెండుమూడు చెప్పెదము. పాత తెర పిడుగుపాటునకు పోయినది గనుక, ఇంటికి ఎర్తు సరిగానున్నదో లేదో ముందుగా చూపించి, సర్జ్ ప్రొటెక్టరు పెట్టించితిమి. ఉరిమినప్పుడు ప్లగ్గు ఊడదీయుట అబ్బాయి బాధ్యత. దీనికి కాలు విద్యుత్తు 150 వాట్లనుకొన్నను, దినమునకు నాలుగు గంటల వాడుకకు నెలకు 18 యూనిట్లు; ఆ లెక్కయు వాడే వేసెను. ఆటలకు వేళ నిర్ణయించితిమి: బడి దినములలో ముప్పావుగంట, సెలవు దినములలో రెండు గంటలు, రాత్రి భోజనమైన తరువాత లేదు. డబ్బు పందెముగా పెట్టు ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టము నిషేధించినది. ఆ సంగతి తల్లిదండ్రులు పిల్లలకు చెప్పియుంచుట మంచిది. ఆటలు మానలేని వ్యసనమును ప్రపంచ ఆరోగ్యసంస్థ రోగముల పట్టికలో చేర్చియున్నది. మేము అబ్బాయికి ఈ రెండును చెప్పితిమి. వాడు వినెను. వేళ దాటిన దినములును రెండుమూడు ఉన్నవి, దాచుటెందులకు?

అబ్బాయి తెరమీది పట్టికలన్నిటిని తెలుగులో కనబడునట్లు అమర్చెను. మా తల్లిగారు అయిదవ తరగతివరకు చదివిరి. తెరమీది అక్షరములు పెద్దవి గనుక కళ్లజోడు లేకయే కూడబలుకుకొని చదువుచున్నారు. ఆంగ్లమాధ్యమమున చదువు ప్రక్కయింటి పిల్లలు వచ్చినప్పుడు మా యబ్బాయి వారికి ఆ తెలుగు మాటలు చదివి చెప్పును. తెలుగు బడిలో చదువుటవలన లాభమేమని ఈ ప్రాంతమున మమ్ములను అడుగువారు తరచు ఎదురగుదురు. ఇంట అవ్వకు రిమోటు వాడుట నేర్పగలిగినవాడు వాడొక్కడే యని మాత్రము మేము చెప్పగలము.

మొదటి శనివారము రాత్రి అందరము కూర్చుంటిమి. ఒక క్రొత్త కన్నడ చిత్రము కనబడెను. తెలుగులోను వినవచ్చును, కన్నడములోను వినవచ్చును. అబ్బాయి రిమోటు పట్టుకొని, "నాయనమ్మా, తెలుగా, కన్నడమా?" అని అడిగెను. తెలుగనే అందురని మేమందరము తలచితిమి. ఆమె కొంచెము ఆలోచించి, "కన్నడమే పెట్టరా. వాళ్ల మాట వాళ్ల నోట వింటేనే బాగుంటుంది" అనిరి. చిత్రమున ఒక ముసలిదాని మాటకు ఆమె ఫక్కున నవ్విరి. ఈమారు ముందు నవ్వినది ఆమెయే. ఆమె నవ్విన తరువాత మేము నవ్వితిమి.

ఇంతకును మేము చెప్పదలచినది ఇదియే. పెద్ద తెర కొనగోరువారు గోడను కొలువుడు, దూరమును కొలువుడు, ఆటల యంత్రము ఎంత పంపునో, తెర ఎంత తీసికొనునో చూడుడు. కొలతలన్నియు అయిన పిదప, ఇంట ఎవరు "మీరేది తెచ్చినా సరే" యనిరో వారిని ఒకమారు అంగడికి తీసికొనిపొండు. మా కొనుగోలులో ముఖ్యమైన కొలత వారియొద్దనే దొరకినది.

గోడమీద 65 అంగుళముల కొలతకు గీచిన పెన్సిలు గీత యింకను చెరుపలేదు. దీపావళికి సున్నము వేయునప్పుడు దానిని మాత్రము వదలుమని అబ్బాయి కోరెను. వదలితిమి.